కొండంత దాతకు నమస్కారం

తల్లీ కుద్రేముఖ్, నిన్ను పొగుడుతూ నాలుగు మాటలు రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. తీరిక దొరకలేదు. బెంగళూరులో ఉద్యోగం చేసేవాడికి తీరిక శుక్రవారం రాత్రి పదిన్నరకి టెంపో ట్రావెలర్ ఎక్కాక మొదలై, సోమవారం తెల్లవారుజామున సిల్క్‌బోర్డ్ జంక్షన్లో అయిపోతుంది. ఆ మధ్యలోనే నీ దర్శనమైంది. అంత కొద్దిసేపు చూసినవాడు నిన్ను పొగడ్డమేమిటి అంటావా? నిన్ను ఇంతవరకూ పొగిడినవాళ్ళలో ఎక్కువసేపు చూసినవాళ్ళెవరూ లేరు కదా.

దానంలో నీది కర్ణుడికంటే పెద్ద చెయ్యి. ఆయన ఒంటిమీది కవచం ఒకే ఒక్కసారి ఒలిచి ఇచ్చాడు, దానికే భారతమంతా మోగిపోయింది. నువ్వు 1980 నుంచి 2005 దాకా పాతికేళ్ళు రోజూ ఒలిచి ఇస్తూనే ఉన్నావు. కర్ణుడు అడిగేవాడెవడో తెలిసి ఇచ్చాడు. నువ్వు అదీ అడగలేదు.

ముందు నీ పేరు సంగతి. కన్నడంలో కుదురె అంటే గుర్రం. 1,890 మీటర్లు దాటిన నీ శిఖరం ఒక పక్కనుంచి చూస్తే గుర్రం మొహంలా ఉంటుందని ఆ పేరు. గనుల కంపెనీ ఆ పేరే పెట్టుకుంది. కానీ కోసింది గుర్రాన్ని కాదు, పక్కనున్న ఆరోళి కొండల్ని. పెళ్ళిచూపుల్లో అక్కని చూపించి పీటల మీద చెల్లెల్ని కూర్చోబెట్టిన సంబంధాల గురించి విన్నాను గానీ, ఇంత పెద్ద ఎత్తున జరగడం నీ దగ్గరే చూశాను. దానివల్ల ఒక మేలు కూడా జరిగింది. ఈ రోజుకీ ఫొటోల్లో గుర్రం మొహం చెక్కుచెదరకుండా వస్తోంది. పర్యాటకానికి పనికొచ్చే మొహాన్ని అప్పుడే తీసి పక్కన పెట్టారంటే నీ పెద్దల ముందుచూపు మామూలుదా?

పెళ్ళి మాట వచ్చింది కాబట్టి పెళ్ళికొడుకు గురించి కూడా చెప్పాలి. నీ కడుపులో ఇనుముందని భూగర్భ శాస్త్రవేత్త సంపత్ అయ్యంగార్ 1913లోనే కనిపెట్టాడు. చాలా ఏళ్ళు ఎవరూ అడగలేదు. నువ్వు మరీ పేదింటి పిల్లవి మరి. నీ రాయిలో ఇనుము నూటికి 38 పాళ్ళే. అట్లాంటిదానికి 1975లో ఇరాన్ షా నుంచి సంబంధం వచ్చింది. 63 కోట్ల డాలర్ల అప్పు ఇస్తాం, ఖనిజం మాకే పంపండి అన్నారు. 1976లో కంపెనీ పుట్టింది. 1979లో షా సింహాసనమే పోయింది. పెళ్ళికొడుకు పీటల మీంచి లేచి పారిపోతే మామూలు ఇళ్ళల్లో పందిరి పీకేస్తారు. నీ పెద్దలు అట్లా బెంబేలు పడే రకం కాదు. పందిరి వేశాం, వంటలయ్యాయి, ఎవడో ఒకడు రాకపోడు అనుకుని 1980లో ముహూర్తం కానిచ్చేశారు. కొనేవాడు కనబడకపోయినా అమ్మకం ఆగకూడదన్న ఈ నిష్ఠ చూస్తే మా ఊరి సంతలో దళారులు కూడా నీకు చెయ్యెత్తి దండం పెడతారు.

ఇక నీ కొండ ప్రయాణం చేసిన తీరు. రాయిని పిండి చేసి, ఇనుపపొడి వేరు చేసి, దాన్ని నీళ్ళల్లో కలిపి, 67 కిలోమీటర్ల గొట్టంలోంచి మంగళూరు సముద్రపు ఒడ్డుకి జార్చారు. హనుమంతుడు, పాపం, సంజీవి పర్వతాన్ని పర్వతంలాగే భుజాన మోశాడు. పని అయ్యాక తీసుకెళ్ళి ఎక్కడిదక్కడ పెట్టొచ్చాడని కూడా చెబుతారు. ఇంజనీరింగ్ చదువుకోకపోతే అంతే, రానూ పోనూ చాకిరీ. నీ దగ్గర తిరుగు ప్రయాణం గొడవ లేదు. ఏటా 75 లక్షల టన్నుల నల్లపొడి పంపేలా కర్మాగారం కట్టారు. దానికి రెండు కోట్ల పాతిక లక్షల టన్నుల రాయి నలగాలి. అంటే మూడు వంతులు తవ్వితే ఒక వంతు కొండ దిగుతుంది, రెండు వంతులు బురదై ఇంట్లోనే ఉండిపోతాయి.

ఆ బురదకి నువ్వు చూపించిన మర్యాద మరీ గొప్పది. లక్యా అనే వాగుకి అడ్డంగా వంద మీటర్ల ఎత్తున మట్టికట్ట కట్టించి, వెనకాల దాన్ని పడుకోబెట్టావు. పైన నీళ్ళు, చుట్టూ పచ్చిక కొండలు. మాతో వచ్చిన కుర్రాడు ఫోన్లో ఆ ఫొటో చూసి, "సూపర్ లేక్ బ్రో, బోటింగ్ ఉందేమో అడుగుదామా?" అన్నాడు. వాడి తప్పేముంది? కొండ అస్థికలు కలిపిన చోటు ఇంత అందంగా ఉంటుందని ఏ పురోహితుడూ వాడికి చెప్పలేదు.

నీ పాలకుల చేతివాటం గురించి ఒక్క ముక్క చెప్పకపోతే పాపం. 1987లో నీ చుట్టూ ఉన్న 600 చదరపు కిలోమీటర్ల అడవిని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. గని భూమిని మటుకు లెక్కలోంచి తీసేశారు. మా అమ్మ గారెలు వేసేటప్పుడు తడిచేత్తో మధ్యలో సరిగ్గా చిల్లు పొడిచేది, అట్లా అన్నమాట. పులికీ, సింహపు తోక కోతికీ గారె, కంపెనీకి చిల్లు. ఎవరి విస్తట్లోది వారికి. అడవిదున్న మేసుకుంటూ మేసుకుంటూ గని అంచుకొచ్చి, సరిహద్దు రాయి చదువుకుని, నాలుక్కరుచుకుని వెనక్కి తిరిగేదనుకుంటాను. 2012లో పడమటి కనుమలకి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినప్పుడు నీ పార్కు కూడా ఆ జాబితాలో ఉంది. చిల్లుకి పతకం ఇవ్వలేదు, చుట్టూ ఉన్న పిండికే ఇచ్చారు.

నీ దయ కర్ణాటకలోనే ఆగిపోలేదు. భద్ర నీ కొండల్లో పుడుతుంది. తుంగ, నేత్రావతి కూడా గంగామూల దగ్గర ఇక్కడి బిడ్డలే. తుంగా భద్రా కూడలి దగ్గర కలిసి, హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాములో ఆగి, కర్నూలు దాటి కృష్ణలో పడతాయి. ఆ డ్యామునుంచి వచ్చే ఎగువ కాలవే మా హెచ్చెల్సీ. దాని కింద ఉరవకొండ దిక్కున మా నాయనకి నాలుగెకరాలు. జూన్ వచ్చిందంటే ఆయన మా ఊరి ఆకాశం చూడడు, మీ ఆకాశం గురించి అడుగుతాడు. "ఏంరా, ఆ కన్నడ కొండల్లో వాన పడతాందంటనా?" ఏడాదికి ఆరేడు వేల మిల్లీమీటర్లు కురిసే చోటొకటి ఉందంటే నమ్మడు. అనంతపురంలో 550 పడితే అది మంచి సంవత్సరం. నాకు జీతం పెరిగిందని చెప్పినప్పటికంటే, కళస దగ్గర భద్ర నిండుగా పారుతోందని చెప్పినప్పుడే ఆయన గొంతు తేలికపడింది.

ఆయనకి నీళ్ళే చాలు. కానీ నీది వొట్టి చేతులతో పంపే స్వభావం కాదు, నీళ్ళతోపాటు మట్టి కూడా సారె పెట్టి పంపావు. గని నడిచే రోజుల్లో తవ్విన నేల నదీ పరీవాహకంలో పిసరంత. పై భద్రలో కొట్టుకొచ్చిన బురదలో పెద్ద వాటా మాత్రం ఆ పిసరంతదేనని పరిశోధకులు కొలిచి చెప్పారు. తుంగభద్ర డ్యాము కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 105 చిల్లర. మిగతా చోటంతా మట్టిదే. అదంతా నీ పుణ్యమే అంటే సండూరు, హోస్పేట గనులవాళ్ళు నొచ్చుకుంటారు; అడవులు కొట్టినవాళ్ళకీ, వాలు నేలలు దున్నినవాళ్ళకీ వాటా రావాలి. పైగా లక్కవళ్ళి దగ్గర భద్ర డ్యాము మధ్యవర్తిలా కూర్చుని నీ కానుకల్లో చాలావరకు తన జేబులోనే వేసుకుంటుంది. అయినా మనసుంది చూడు, అదే గొప్ప. ఆయకట్టు చివరి రైతుని గుర్తుపెట్టుకుని కానుక పంపే ఊళ్ళెన్ని?

అద్దెకున్నవాళ్ళ పట్ల నీ ఓర్పు కూడా చెప్పుకోవాలి. కంపెనీ లీజు 1999లో తీరిపోయింది. మారతహళ్ళిలో నేను గడువు దాటి పది రోజులుంటే ఓనరమ్మ నీళ్ళ మోటారు ఆపేసింది. నీ ఇంట్లో మటుకు తాత్కాలికం, మరి కాస్త తాత్కాలికం అంటూ ఇంకో ఆరేళ్ళు తవ్వుకున్నారు. వన్యప్రాణుల కోసం పోరాడినవాళ్ళు సుప్రీంకోర్టుకెక్కారు. 2002 అక్టోబర్ 30న తీర్పొచ్చింది: 2005 చివరికల్లా మూసెయ్యండి. ఆ డిసెంబరు 31తో గని ఆగిపోయింది.

ఆ తరువాత నీ టౌన్‌షిప్ నేర్చిన మౌనం ఏ ఆశ్రమంలోనూ దొరకదు. బళ్ళు, ఆసుపత్రి, మార్కెట్టు, వరసలు వరసలుగా క్వార్టర్లు. వేలమంది మసలిన చోట ఇప్పుడు మనిషి ఎదురైతే పలకరించాలో భయపడాలో తెలియదు. నేను ఒక క్వార్టరు వరండా ఎక్కాను. గుమ్మం పక్కన కాలింగ్ బెల్ స్విచ్చు చుట్టూ నాచు పట్టి, దాని పగుల్లోంచి చిటికెనవేలంత ఫెర్న్ మొక్క తల బయటపెట్టింది. తలుపు మీద ఎవరో పిల్లలు సుద్దముక్కతో గీసిన క్రికెట్ వికెట్లు, వాన తగలని మూల కాబట్టి కాబోలు, ఇంకా ఉన్నాయి. మూడు గీతలు, పైన రెండు బెయిల్స్. మావాళ్ళలో ఒకమ్మాయి ఆ తలుపు ముందు నిలబడి ఫొటో తీయించుకుంది. 'ఘోస్ట్ టౌన్ వైబ్స్' అని పెట్టింది. ఇనుము పోయాక నీ దగ్గర అమ్మకానికి ఏముంటుందా అనుకున్నవాళ్ళకి బుద్ధొచ్చేలా, వెళ్ళిపోయినవాళ్ళ ఇళ్ళ తలుపులు కూడా సరుకేనని చూపించావు.

కంపెనీ మటుకు నీ చదువు మర్చిపోలేదు. మంగళూరులో ఇనుప గుళికలు చేసే ఫ్యాక్టరీకి నీ కొండ లేకపోతే బైలదిల్లా కొండ. ఆ ఖనిజం మన విశాఖ రేవు మీదుగా ఓడల్లో వెళ్ళింది. తరువాత సండూరు దగ్గర దేవదారి కొండలు. 2024 జూన్‌లో కేంద్ర ఉక్కు మంత్రి పదవిలో కూర్చుంటూనే కుమారస్వామి ఆ గని ఫైలు మీద సంతకం పెట్టారు. 401 హెక్టార్ల అడవి, 99 వేలకు పైగా చెట్లు. ముందు కుద్రేముఖ్ బాకీలు తేల్చండి, ఆ తరువాతే భూమి అని రాష్ట్ర అటవీ మంత్రి ఈశ్వర్ ఖండ్రే అడ్డం తిరిగారు. నీ దగ్గర పట్టా పుచ్చుకున్న శిష్యుడు ఇంకో గురుకులం వెతుక్కుంటే మధ్యలో పాత ఫీజు అడగడం ఏం మర్యాద చెప్పు?

సరే, ఇక మా గురించి. అసలు నిన్ను ఇంతగా పొగడ్డానికి కారణం మేమే.

గని ఉన్నప్పుడు నీకు టన్నుల లెక్క, ఇప్పుడు తలల లెక్క. నీ శిఖరానికి రోజుకి 300 మందినే పంపిస్తారు, ఆన్‌లైన్లో టికెట్ కొనాలి. తిరుమల మూడువందల రూపాయల దర్శనం టికెట్ కోసం వేలు ఆడించి ఆడించి ఆరితేరిన తెలుగువాళ్ళం కాబట్టి మా తొమ్మిదిమందికీ ఒకే తేదీన దొరికాయి. బాళెగల్ నుంచి ముళ్ళోడి దాకా జీపులో వెళ్ళాలి. ఆ ఆరు కిలోమీటర్లలో నా వెన్నుపూసల పేర్లన్నీ విడివిడిగా తెలిశాయి. అక్కణ్ణించి రానూ పోనూ ఇరవై కిలోమీటర్ల పైన నడక. ప్లాస్టిక్ వద్దన్నారు, తొమ్మిది రంగుల ప్లాస్టిక్ రెయిన్‌కోట్లు వేసుకున్నాం. శబ్దం చెయ్యొద్దన్నారు, మా శ్రీకాకుళం కుర్రాడు స్పీకర్ సంచిలో పెట్టుకునే పాటలు పెట్టాడు, చట్టాన్ని గౌరవిస్తూ. జలగలకని తలా ఒక ఉప్పు మూట. జలగల్ని అక్కడివాళ్ళు ఇంబళ అంటారు. నా మడమ దగ్గర ఒకటి కడుపు నిండా తాగి, నేరేడు పండులా నిగనిగలాడుతూ, తనంతట తనే ఊడి పడింది. ఉప్పు చల్లేంతసేపు కూడా ఉంచుకోలేదు. కావలసినంత పుచ్చుకున్నాక పట్టు వదిలేసే ఆ సంస్కారం చూసి నాకు ముచ్చటేసింది.

ఒంటిమర అనే ఒంటరి చెట్టు దాటాక పచ్చిక వాలు. అక్కడ అడుగుల కింద దారి దారిలా లేదు, కాలవలా ఉంది. వారం వారం వందల జతల బూట్లు పడి గడ్డి పోయింది, గడ్డి కింద మట్టి పోయింది. కొన్నిచోట్ల మోకాలి లోతు. అందులోంచి వాన నీళ్ళు ఎర్రగా, చాయ్ రంగులో దిగుతున్నాయి. పాత కాలవ లోతై నడవలేనప్పుడు జనం పక్కనే కొత్తది తొక్కుతారు. మేమూ అదే చేశాం. ఈ నీళ్ళు ఎక్కడికి పోతాయని గైడుని అడిగాను. సోమావతిలోకి అన్నాడు. అక్కణ్ణించి?

"భద్రా సార్."

మా నాయన కాలవకి నా వంతు సారె నేనే స్వయంగా నడిచొచ్చి పంపించానన్నమాట. ఇరవయ్యేళ్ళుగా ఆయనకి నెలనెలా డబ్బు పంపిస్తున్నాను గానీ ఇంత శ్రమపడి ఏదీ పంపలేదు.

శిఖరం మీద మంచు తప్ప ఏమీ కనబడలేదు. గుర్రం నెత్తి మీద నిలబడి గుర్రం ఏదని వెతుక్కున్నాం. మావాళ్ళు మంచులోనే నలభై ఫొటోలు తీశారు. మా డాబా మీద తెల్లదుప్పటి కట్టినా ఇదే ఫొటో వస్తుందన్నాడొకడు. వస్తుంది గానీ, దానికి నీ పర్మిట్ ఉండదుగా.

రాత్రి ముళ్ళోడిలో ఒక ఇంట్లో బస. ఇంటి వెనక వాగు మీద చిన్న టర్బైను పెట్టుకున్నారు, దాంతో రెండు బల్బులు, వాగు ఒరవడిని బట్టి వెలుగుతూ మసకేస్తూ. పార్కు లోపలి ఇళ్ళకి స్తంభాలు వెయ్యడానికి అడవి చట్టం అడ్డం. ఆ చట్టం ఎంత గట్టిదో చూడు, కొన్ని కొండల అవతల నీ టౌన్‌షిప్పులో వీధి దీపాలు వెలిగి, యంత్రాలు రాత్రింబవళ్ళు తిరిగిన పాతికేళ్ళూ అది ఈ ఇంటి గుమ్మం దగ్గరే కాపలా కాసింది, ఒక్క తీగ లోపలికి రానివ్వలేదు. ఇప్పుడు దాని ఫలితం మాకు దక్కింది: కరెంటు లేని బసని 'డిజిటల్ డిటాక్స్' అని చెబితే తలకి మూడొందలు ఎక్కువిచ్చాం.

ఇంటావిడ అక్కీరొట్టె పెనం మీద వేస్తూ మాట్లాడింది. నా కన్నడం అంతంతమాత్రం, ఆమె ఓపిక ఎక్కువ. కొడుకు మంగళూరులో పనిచేస్తాడట, వానాకాలం రాలేడట. ఊరు ఖాళీ చేస్తే డబ్బిస్తామని అంటూ ఉంటారట.

"వెళ్ళిపోతారా అక్కా?" అన్నాను.

రొట్టె తిప్పింది. "మాకు బయటికి పొమ్మని కాగితాలొస్తాయి సార్. మీకు లోపలికి రమ్మని కాగితాలిస్తారు. రెండూ ఒకే రంగు," అంది. ఇంకో రొట్టె వెయ్యనా అని అడిగింది. చట్నీ బాగుందన్నాను. అంతకంటే ఏమనాలో తోచలేదు.

ఆదివారం నిన్ను దాటుకుని శృంగేరి మీదుగా వెనక్కి వద్దామనుకున్నాం. దారిలో భద్ర ఒడ్డున టీ తాగడానికి బండి ఆపాం. కొట్టు పిల్లాడు, ఎనిమిదేళ్ళుంటాయేమో, పాత స్పీకర్లోంచి పీకిన అయస్కాంతాన్ని తాడుకి కట్టి ఇసకలో లాగుతున్నాడు. నాలుగు బారలు లాగేసరికి దానికి నల్లటి పొడి ముళ్ళపందిలా లేచి నిలబడింది. వాడు దాన్ని గోటితో గీకి ఒక డబ్బాలో వేసుకుంటున్నాడు. దేనికిరా అంటే సిగ్గుపడ్డాడు. నేను జేబులోంచి చాక్లెట్ తీసిస్తే, తిని, ఆ రేపర్లోనే చిటికెడు పొడి పోసి మడిచి నా చేతిలో పెట్టాడు. బదులు తీర్చెయ్యడం ఆ ఊళ్ళో పసివాడికి కూడా తెలుసు.

పార్కు దాటే చెక్‌పోస్టు దగ్గర ప్లాస్టిక్ లెక్క చూస్తున్న గార్డు ఆ రేపరు విప్పి చూశాడు. ఏమిటిదన్నాడు. చెప్పాను. మర్యాదగానే చెప్పాడు: "రాయి, మట్టి, ఆకు, ఏదీ బయటికి తీసుకుపోకూడదు సార్. అడవి సొత్తు."

తల్లీ, ఇంత పకడ్బందీ కాపలా ఈ దేశంలో ఇంకెక్కడుంది? వంగి, రోడ్డు పక్క గడ్డిలో ఆ చిటికెడూ జాగ్రత్తగా కుమ్మరించాను. చిందకుండా రేపరు దులిపాను. రేపరు మటుకు నాకే తిరిగిచ్చాడు, అది లోపల ఉండకూడదు కాబట్టి. బండి కదిలాక నాయన ఫోన్ చేశాడు, వాన సంగతి అడగడానికి. ఫోను తీసి చూస్తే, వెనక కవరు మీది అయస్కాంతం చుట్టూ నల్లటి నూగు ఇంకా నిక్కబొడుచుకునే ఉంది.